పాసింగ్

సైలెన్సర్ గొట్టంల నల్ల పైపు దూర్చి
తెర మీది అంకెలు చూసి
తల అడ్డంగ ఊపిండు ఖాకీ షర్టాయన.
అరబ్బీల ఏం రాసిండో చదువరాలె గాని
ఎర్ర ముద్ర ఏ భాషలైనా ఒకటే.

పందొమ్మిదేండ్ల సన్నీ.
నలుగురం తలా పదిహేను వందలేసి కొన్నం.
పొద్దుగాల నాలుగున్నరకు హన్మాండ్లు గేరేస్తే
వెనుక సీట్ల పోశెట్టి నిద్ర,
నా ఒళ్లె నాలుగు టిఫిన్ గిన్నెలు.
ఏసీ ముందోళ్లకే. వెనుకోళ్లకు కిటికీ.
ముల్కియా ఇంక ఆరు రోజులే.

శుక్రవారం, షార్జా సనయ్యల
మంజూర్ షెడ్డుకు తోలుకపోయినం.
ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకు కొట్టిండు,
దోసెడు ఎడారి రాలింది.
ప్లగ్గులు నాలుగూ
బీడీలు తాగినోని పండ్ల లెక్క.
"ఇది మామూలే" అనుకుంట
కారు కిందికి పాకిండు.

కాళ్లు మాత్రం కనవడుతున్నయి.
ఒక చెప్పు తెగితే రాగితీగతోని కుట్టుకున్నడు.
స్పానరుతోని తట్టిన చప్పుడు,
టంగ్.
ఆ చప్పుడు నాకు ఎరికే.

"డబ్బా ఖాళీ భాయ్.
పొగను కడిగే జాలి లేదిండ్ల.
ఎవడో కోసి, లోపలిది తీసి, మళ్ల అతుకేసిండు."

"మనకు అమ్మినోడే, ఆ కండ్లద్దాలోడు" అన్నడు ఎల్లేశం.
హన్మాండ్లు వాని తాత ముత్తాతలను తోడిండు.
తిట్టు తిట్టుకు వాడు ఇంకింత దొంగైండు.
"ఖర్జూరాలు పెట్టిండు గదరా" అన్నడు పోశెట్టి,
అదొక్కటే వానికి తెగుతలేదు.

నేను బానెట్టు పట్టుకుని నిలవడ్డ.
కాలింది. చెయ్యి తియ్యలె.

నిరుడు రంజాన్ల కంపెనీ జీతం ఆపింది.
మెస్సు వంతు కట్టక రెండు నెల్లు.
వీళ్లెవలూ అడుగలె,
అడుగకపోవుడే అడిగినట్టుండె.
తుక్కు కొనేటోడు అరచేతుల పెట్టుకుని తూచిండు.
తేనెపట్టు లెక్కనే ఉండె నిజంగ,
బూడిద రంగుది, సన్న సన్న కండ్లు.
మూడువందల యాభై లెక్కవెట్టిండు.
తెల్లారి కారు తేలికై ఉరికింది.
"ఇంజను మంచిగైందిరా" అని మురిసిన్రు వీళ్లు.

పాత జాలి, పెట్టుడు కూలి, అంతా ఆరువందల యాభై.
ఎల్లేశం వేళ్లు మడిచిండు:
"తలా నూటఅరవై రెండున్నర."
"నాది నాలుగువందలు రాసుకో" అన్న.
"ఎందుకురా?"
"ఎక్కువ నేనే తిరిగిన గద."

లెక్కలు రానోడని నవ్విన్రు.
మంజూర్ బయటికొచ్చి
పాత బనీనుతోని చేతులు తుడుచుకుంట
నా దిక్కు చూసిండు, ఒక్క ఘడియ.
నిరుడు ఆ అతుకు వేసింది ఆ చేతులే.
"ఎవడో" అన్నడు గదా ఇందాక.
పిలగాన్ని కేకేసి
ఐదు చాయ్‌లు చెప్పిండు.

సోమవారం పచ్చ ముద్ర.
వచ్చేటప్పుడు వెనుక డోర్ తియ్యబోతే
పోశెట్టి నన్ను ఆపిండు.
"నువ్వు ముందు కూసోరా ఇయ్యాల,
జెర ఏసీ తగలనియ్యి."

గిన్నెలు వాడు ఒళ్లె పెట్టుకున్నడు.
సల్లగాలి సక్కగ మొఖానికి కొడుతుంది.
కిటికీ దించిన.