ఒకటి, ఆరు, పదకొండు

దొడ్డనెక్కుంది, నాలుగో అడ్డరోడ్డు.
ఫోను తెరిస్తే ముప్పైయెనిమిది పేర్లు.
"ముట్టుకుంటే షాక్" అని ఒకటి,
"అద్దె కట్టని గూడు" అని ఇంకొకటి,
పేరు దాచుకున్నవి నాలుగు.

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి,
వసుంధర గారి వీణ పాఠంలో మాత్రం
గమకం సగంలో తెగుతోంది.
"పెద్ద యాంటెన్నా పెట్టు బాబూ,
పక్కవాళ్లది అణిగిపోవాలి" అన్నారావిడ.

ఇక్కడే వచ్చింది చిక్కు.
పోయిన నెల పక్కింటి ముదుకప్ప కూడా ఇదే మాటన్నాడు.
పెట్టింది నేనే.

గోడ ఇంటికే హద్దు, గాలికి కాదు.
చానెళ్లు పదమూడని సెట్టింగుల్లో ఉంటుంది గానీ
ఒకదాని కాలు ఒకటి తొక్కకుండా నడిచేవి మూడే.

నిచ్చెన అక్కడే వదిలి తలుపులు తట్టాను.
ముదుకప్పకి ఒకటి.
నైట్ డ్యూటీకి తల దువ్వుకుంటున్న
పై ఇంటి నర్సు జసింతకి పదకొండు.
ఈవిడకి ఆరు.

మైక్రోవేవ్ పక్కన మగ్గుతున్న రౌటర్ని
చేపలతొట్టి దాటించి
వీణ గదిలో, క్యాలెండరు మేకుకి వేలాడదీశాను.
పోతూ పోతూ, ఎవరూ అడగని పనొకటి:
మూడింటి గొంతూ సగానికి తగ్గించాను.

రాత్రి ఎనిమిదింటికి ఫోను.
"గీతలు తగ్గాయేంటి బాబూ?"
కాసేపాగి,
"తోడి మాత్రం చివరిదాకా వెళ్లింది..."

ఆ తర్వాత ఇంకేదో అన్నారు.
వినపడలేదు.
మారతహళ్లి వంతెన కింద ఉన్నాను,
హారన్లన్నీ ఒకే చానెల్లో.