మూలమట్టం

ఫ్యాను గాలికి ఎగరకుండ
చాయ్ గ్లాసు బరువు పెట్టిండు కాగితం మీద.
"మీ ఫిట్టర్ ట్రేడుదే అయిలయ్య గారూ, చదువుకోండ్రి"
అన్నడు ప్రిన్సిపాల్, నా మొఖం చూడకుండ.

తొమ్మిది వరుసలు. పేరు లేదు.
సార్ జాబు ముట్టకుండనే మార్కులేస్తడు.
మమ్మల్ని ఊరి పేర్లతోని పిలుస్తడు, మా పేర్లు ఆయనకు రావు.
ఆకురాళ్ళు అరిగినయంటే, మేకలు కాసుకోపో అంటడు.
సార్‌కు వాళ్ళ ఊరోళ్ళంటేనే ఎక్కువ.

ములుగు రోడ్డు మీద బండి ఎట్ల నడిపిన్నో తెల్వదు.
ఎనుమాముల దిక్కు నుంచి మిర్చి ఘాటు,
కండ్లల్ల నీళ్ళు.
మిర్చిదే అనుకున్న.

మర్నాడు అందరు పోయినంక బీరువా తెరిచిన.
ఇరవై ఒక్క ప్రాక్టికల్ రికార్డులు.
"ళ్ళ" కింద తోక అట్ల తిప్పేటోడెవడో దొరకాలె.
మొదటిది తాడ్వాయి పిల్ల ఈసం నాగమణిది. కాదు.
రెండు, మూడు, కాదు.
నాలుగోది తెరిస్తే పేజీల నడుమ
బస్సు పాసు జిరాక్సు,
దాని మీద ఎర్రటి కారం వేలిముద్ర.
రాత్రంత మార్కెట్ల బస్తాలు మోసి
పొద్దున వైసు ముందట నిలబడే పిలగాడు.
రెండేండ్ల సంది నేను వాణ్ణి "ఓ ఎనుమాముల" అంటున్న.
అట్ట మీద గుగులోతు మోతీలాల్ అని ఉంది.
బీరువా మూసిన.
రాత ఎవరిదైతేంది.

ముప్పై ఏండ్ల కింద కాజీపేటల అప్రెంటిసు నేను.
ఇట్లాంటి కాగితమే ఎత్తిపట్టి
"ఎవడ్రా రాసింది?" అన్నడు మా మేస్త్రి.
పదమూడు మందిమి నేల చూసినం.
మళ్ళ ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు.
రిటైరైన్నాడు శాలువా కప్పి
మచ్చ లేని మనిషి అన్నం.

కాగితాన్ని నా చేతితోని మళ్ళ రాసిన,
రాతను బట్టి ఎవరు ఎవరిని పట్టకుండ.
"సార్" అన్న కాడ కలం ఆగింది.
కొట్టేసి "నేను" అని పెట్టిన.
నేను జాబు ముట్టకుండనే మార్కులేస్తా.
నాకు పేర్లు రావు.
నా రాత ఇంత వంకరగుంటదని ఎన్నడు చూసుకోలే.

తెల్లారి వాళ్ళ ముందట చదివిన.
ఊరోళ్ళ సంగతి కాడ కడుపుల మండింది, అది నిజం కాదు.
అరవలే. రిజిస్టరు బెంచి మీద పెట్టి
చూసుకోండ్రని బయట నల్లా కాడ నిలబడ్డ.
ఆకురాళ్ళకు ఇండెంటు పెడతా,
వస్తయో రావో పదిహేను దినాలకోపాలి చెప్తా అన్న.
రెండు నెలలకు ఇరవైకి ఆరొచ్చినయి.
మేకల మాట కాడ మాత్రం నోరు పెగల్లే.
"తప్పైంది" అనేసరికి
చేతిల సుద్దముక్క రెండు తునకలైంది.

ఇప్పుడు జాబు నా టేబుల్ కాడికి రాదు,
నేనే వైసు కాడికి పోతా.
వెర్నియర్ వాళ్ళ చేతులనే, కొలత వాళ్ళ నోటనే,
మార్కు ఆడ్నే.
మొన్న ఇద్దరికి పెరిగినయి, నాగమణికి రెండు తగ్గినయి.
ఎంత లొల్లి పెట్టిందో!
గంటసేపు ఇద్దరం మళ్ళ మళ్ళ కొలిచినం.
తగ్గినయి తగ్గినట్టే ఉన్నయి.
"రేపు ఇంకోటి రుద్దుత" అని
ఆకురాయి దులిపి పెట్టి పోయింది.

గేటు కాడ ఫిర్యాదుల డబ్బా ఖాళీ.
ప్రిన్సిపాల్ ఖుషీగున్నడు.
నాకే గుబులు.
మా మేస్త్రి కాలంల కూడ ఇంతే ఖాళీగుండె.

ఇయ్యాల పొద్దున మోతీలాల్, నిద్ర లేని కండ్లతోని,
రుద్దిన ఇనుప ముక్కకు మూలమట్టం ఆనించి
కిటికీ దిక్కు ఎత్తిపట్టిండు.
"సార్, ఇగో, ఈడ వెలుతురొస్తున్నది.
నిన్న మీరు సరిగుందన్నరు."

వంగి చూసిన.
వెంట్రుకంత సందు.
అండ్లకెల్లి ములుగు రోడ్డు ఎండ.