నీళ్ళు ఒప్పుకునేదాకా

కుషిరోలో పొగమంచు పొద్దున్నే పనిలోకొస్తుంది,
నాకంటే ముందు.
షట్టర్ ఎత్తేసరికి ఇనోమాత గారి తెల్ల వ్యాను
ఎండుచేపల వాసనేస్తూ
ముఖాన పదకొండేళ్ళ ఉప్పుగాలితో నిలబడి ఉంది.

"ఎదురొచ్చే ప్రతి లైటుకీ పిల్లిమీసాలు మొలుస్తున్నాయమ్మా,
ఈ మధ్య చంద్రుడిక్కూడా" అన్నాడు నిన్న.
వచ్చే నెల లైసెన్సు, కంటి పరీక్ష.
"తప్పు నా కళ్ళదా అద్దానిదా,
అది తేల్చు చాలు."

ముందు కడిగాను. కడిగితే పోయేది
పోవడానికి సిద్ధంగా ఉన్నది మాత్రమే.
తర్వాత మట్టిముద్ద.
వేళ్ళతో పిసికి, చదును చేసి, తడి అద్దం మీద తోస్తే
గరగర, గరగర,
తారు చుక్కలూ పురుగుల రెక్కలూ ఓడరేవు తుప్పూ
అన్నీ ఒకేసారి ఫిర్యాదు చేస్తాయి.
ఉన్నట్టుండి ఒకచోట నోరు మూసుకుంటాయి.
"చూపుని నమ్మకు నగిసా, చెవిని నమ్ము" అనేది
నాకు పని నేర్పిన ఓకినో అక్క.
ఆమెకి ఎడమచెవి వినిపించేది కాదు.
కుడిచెవి అద్దానికి ఆనించి తోమేది.

రబ్బరు అంచులకి నీలం టేపు వేశాను.
సీరియం పొడి నీళ్ళలో కలిపాను,
చిక్కటి బియ్యం కడుగులా, కాస్త గులాబీ ఛాయతో.
ఫెల్టు బిళ్ళ తిరుగుతోంది.
ఎక్కువ నొక్కితే వేడి, వేడెక్కితే పగులు,
ఆరనిస్తే అట్టకట్టి కూర్చుంటుంది.
చంటిబిడ్డకి నలుగుపెట్టే చెయ్యి కావాలి.
నాది అంత మెత్తన కాదు,
అందుకే మధ్యమధ్యలో ఆగి
అరచెయ్యి ఆనించి జ్వరం చూస్తాను.

డ్రైవరు కంటి ఎదురుగా ఒక గీత.
వైపర్ రబ్బరు ఊడిన మంచు రాత్రి
ఇనుము ఊరికే పోతూ పోతూ గీసిన విల్లు.
లోపలినుంచి మార్కర్‌తో సున్నా చుట్టి
బయట గోరు పెట్టి చూశాను.
గోరు ఆగింది.
గోరు ఆగితే మనమూ ఆగాలి.
దాన్ని పోగొట్టాలంటే
చుట్టూ ఉన్నదాన్నంతా దాని లోతుకి దించాలి,
అప్పుడు గీత పోతుంది,
రోడ్డు వంకర తిరుగుతుంది.
అంచులు మాత్రం మొద్దు చేసి వదిలేశాను.

ఇక నీళ్ళు.
ఒక మగ్గు పైనుంచి వంపితే
నిన్నటిదాకా చేమాకు మీదలా
చుక్కలు చుక్కలుగా చెదిరి పారిపోయేవి,
చూడ్డానికి బాగుండేవి కూడా.
అది శుభ్రం కాదు, జిడ్డు. ముందు ఎవరో వేసిన పూతల శవం.
వంపాను, తోమాను, వంపాను.
మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.
ఏడో మగ్గుకో ఎనిమిదో మగ్గుకో
నీళ్ళు ఎక్కడా తెగకుండా, ఎక్కడా వెనకాడకుండా
ఒకే దుప్పటిలా జారాయి.

నాకు ఈ పనిలో నచ్చేది ఈ ఒక్క నిమిషమే.
రేపు పూత వేశాక
వానని విదిలించుకుని పరిగెత్తాల్సిన అద్దం
ఇవాళ వానని
మొత్తంగా ఒప్పుకోవాలి.
జనం పూతకి డబ్బిస్తారు. ఈ నిమిషం బిల్లులో ఉండదు.

సాయంత్రం బస్సులో వచ్చాడు ఇనోమాత గారు.
సీట్లో కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత చెయ్యి చాచి
ఉందా లేదా అన్నట్టు తట్టి చూశాడు.
"ఉంది" అన్నాను.
"మీసాలు?"
"మీరే చూడండి, లైటు వేస్తాను."
గోడ దగ్గరికెళ్ళి టార్చి వెలిగించాను.
"ఒక్క వెంట్రుక" అన్నాడు, కొంచెం నవ్వి.
"అదొక్కటీ నా కంటిదేమో. ఉండనీ."
అది గీతేనని చెప్పాలి.
చెబుదామనుకునేలోపు దిగిపోయాడు.

తేమ తగ్గితేగానీ పూత పట్టదు, రేపటిదాకా ఆగాలి.
ఈ రాత్రికి అద్దం ఒంటిమీద ఏమీ లేదు,
దుమ్మొచ్చినా, దగ్గినా అంటుకుంటుంది.
ఫ్యాను ఆపి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి
షట్టర్ దించాను.

పొద్దున ఆల్కహాలు గుడ్డతో వచ్చి చూస్తే
అద్దం నడుమ ఒక అరచెయ్యి,
ఐదు వేళ్ళూ విప్పుకుని, స్పష్టంగా.
గుడ్డ ఎత్తాను. ఎంత తుడిచినా పోదు.
లోపలి వైపుది.
నా పని బయటి వైపు.