తుమ్మబంక

మా చెల్కల ఎవరూ నాటని చెట్టు తుమ్మ.
మేకలు కాయ దిని ఇత్తు ఇడిసిపోతయి.
ఇత్తు ఏండ్లకేండ్లు ఊకుంటది,
ఒక ముసురు వడ్డంక
ముల్లుతోనే పుడుతది.

డిండి వాగు అవతల రాకాసి గూళ్ళ కాడ
మా చిన్నాయిన బాయి తవ్వితే
మనిషెత్తు లోతుల ఇనుప చిట్టెం తేలింది,
దాని పక్కన చిటికెనవేలంత బొగ్గు.
కమ్మరి ఈరబ్రహ్మం చెవి కాడ పెట్టుకొని మీటి
"తుమ్మదే" అన్నడు.
ఎట్ల దెలుసంటే నవ్విండు.
గా బొగ్గు మీద మొదటి కొడవలి కాగిన నాడు
రాజు లేడు, రకం లేదు,
నల్లకొండకు ఇంకా పేరు గూడ పెట్టలే.

ఎనుకసీరి పేర్లొచ్చినయి. లెక్కలొచ్చినయి.
లెక్కకు సిరా గావాలె.
మా నాయినమ్మ ఈదమ్మకు తొమ్మిదేండ్లప్పుడు
ఎండకాలమంత పట్వారింటికి బంక ఏరుడే ఎట్టి.
బెరడు మీద తేనెబొట్టోలె నిలవడ్డదాన్ని
గోటితోని గీకి, చిప్ప నింపి, గడపల పెట్టి
దూరం జరగాలె.
దీపం మసి, బంక, ఇన్ని నీళ్ళు.
గా సిరాతోనే ఆమె నాయిన పేరు రాసిండ్రు
రెండు మానికల జొన్నల కింద.
రెండు నాలుగాయె. నాలుగు పుట్టెడాయె.
"నేనేరిన బంకే బిడ్డా
మా నాయిన మెడకు అతికింది" అనేది ముసల్ది
వక్క నములుకుంట.

తెల్లోళ్ళ లడాయి యాడనో నడుస్తుంటే
ఈడ పెట్రోలు కరువు.
దేవరకొండ లారీ బొగ్గు దిని నడిచేది,
ఎనక డ్రమ్ము గట్టుకొని
దగ్గుకుంట, గసవెట్టుకుంట.
చెరువు కింది తుమ్మలు నరికి కాల్చుమని
గడి నుంచి కబురు.
గొడ్డలి పట్టినోళ్ళకు గంజి గూడ లేదు.
లెవీ గింజలు గా లారీలనే పోయినయి,
మా బొగ్గు మా బువ్వను మోసుకపోయింది.

ఒకనాడు మొదలు నరకలే.
ముందుగాల ఎవరన్నరో ఎవరికీ యాది లేదు.
కొమ్మలు మాత్రం కొట్టిండ్రు,
తెల్లారెవరకు బాట మీద నడుమెత్తు ముండ్లకంప.
లారీ టైర్లు ఉస్సుమన్నయి.
పోలీసోళ్ళు గుర్రాలు దిగి
ఒంటి కాలు మీద నిలవడి ముండ్లు తీసుకుంటుంటే
గుట్ట మీది పిల్లలు నవ్విండ్రంట.
గా నవ్వుకు ముగ్గుర్ని కట్టేసి కొట్టిండ్రు.
కొట్టిన కట్టె గూడ తుమ్మదే.
ఈ ముచ్చట దాచేది గాదు ముసల్ది.

చెట్టు ఎవరి దిక్కూ గాదు, ముట్టినోని దిక్కు.

గడి ముందు లెక్కల బుక్కులు కాలిన రాత్రి
ఈదమ్మ దగ్గరికి వోయి చూసిందంట.
బంక సిరా చిటచిటమన్నదంట,
అక్షరాలు ఉబ్బి, లేచి,
మసై మళ్ళ దీపం కాడికే పోయినయంట.

మొన్న నా పాస్‌బుక్కు మీది ఫోటో ఊడింది.
గట్టు మీది తుమ్మకు ఇంత బంక గీకి
అద్ది అతికిచ్చిన.
బాగనే పట్టింది.
ఆరినంక మాత్రం
గోటితోని అంచు ఒకపారి లేపి చూసిన.