వెండి తీగ

రాయగడ స్టేషన్ రోడ్డులో
దండాసి పాత్రో నా హెడ్‌ఫోన్‌కి కొత్త తీగ అతికాడు.
వెండిది. రెండు నెలల ఓవర్‌టైమ్.

ఆ రాత్రి సరోద్ తంతి మీద గోరు జారడం విన్నాను.
మొదలుపెట్టే ముందు ఆయన మింగిన గుటక కూడా.
పన్నెండేళ్లుగా అదే రికార్డు,
ఆ గుటక ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో.

పొద్దున్నే పరిగెత్తుకెళ్లి చెబితే
పాత్రో టంకం పొగ ఊదుకుంటూ అన్నాడు:
"పైన తొడుగొక్కటే కొత్తది బాబూ.
నోపల నీ పాత రాగే.
ఎండిది పిన్ను కాడ ఇరిగిపోనాది.
సెప్దారంటే నువ్వాగితేనా?"

కాగితం మిల్లులో మూడో డ్రయ్యర్ బేరింగు అరుగుతుంటే
ఫోర్‌మన్ కన్నా వారం ముందే పట్టేస్తాను.
ఆ చెవికి ఎవరూ ఏ తీగా అమ్మలేదు.

నిజం చెప్పాలంటే, ఖరీదైంది కదా అని
ఆ రాత్రి ఫ్యాను ఆపాను.
ఫోను వంటింట్లో వదిలేశాను.
కంచం ముందు పెట్టుకుని వినలేదు.

అయినా వెండిది బాగుచేసి ఇమ్మన్నాను.
బేస్తవారం రమ్మన్నాడు.

ఇవాళ మంగళవారం.
ఉక్కపోత.
ఫ్యాను ఆపే ఉంది.
గుటక దగ్గరికి
వస్తున్నాను.