సగానికి కొంచెం ఎక్కువ

నక్కలగుట్టలో రెండో అంతస్తు.
కరెంటు పోయి ఇన్వర్టర్ మూలుగుతున్న మధ్యాహ్నం
ముప్పై ఒకటో చీటీతో వచ్చింది
కొత్తవాడ నుంచి కుడికాల సంపూర్ణ.
వేళ్ల సందుల్లో ఇంకా జంపఖానా రంగు,
ఎన్నిసార్లు కడిగినా గోరంచున ఆగిపోయిన ఎరుపు.

జెల్ సల్లగుంటది, ఉలిక్కిపడకు అన్నాను.
"మా మగ్గం గుంత కన్ననా మేడం" అంది.

ఇరవై ఎనిమిది వారాలు.
తెర మీద బూడిదరంగు ముసురు.
ఆ ముసురులో మోకాళ్లు ముడుచుకుని
పడుకున్నవాడో పడుకున్నదో
(గోడ మీద బోర్డుంది, ఆ మాట నేననను)
ఒక మనిషి.

ప్రోబు అడ్డం తిప్పితే
ఛాతీ గుండ్రంగా తెగి కనిపిస్తుంది.
అందులో ఎడమకు ఒరిగి నాలుగు గదులు,
నిమిషానికి నూట నలభై సార్లు
తెరుచుకుని మూసుకునే తలుపులు.

నేను ఆ పరుగును ఆపుతాను.
ఆపేది బొమ్మనే. పదకొండేళ్లుగా తెలుసు.
అయినా మీట నొక్కిన ప్రతిసారీ
నా లోపల ఏదో ఒక అడుగు తప్పుతుంది.

గుండె చుట్టూ చుక్కల గీత ఒక చుట్టు.
ఛాతీ చుట్టూ ఇంకొకటి.
చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే
సగం రావాలి.

సగానికి కొంచెం ఎక్కువ వచ్చింది.

గుండె కాస్త పెద్దగ కొడుతుంది, అని నోరు జారాను.
మూల కుర్చీలో అత్త అయిలవ్వ మొహం విచ్చుకుంది:
"మా ముసలాయినది గట్లనే బిడ్డా,
వాడకట్టు అప్పులన్నిటికి జామీను నిలవడెటోడు."

ఎట్లా చెప్పను,
ఇక్కడ పెద్ద గుండె మంచితనం కాదని,
నెత్తురు పలుచబడితేనో తలుపొకటి సరిగా మూయకపోతేనో
ఈది ఈది సాగిపోయిన కండ అని.

పోయిన చలికాలం ఏటూరునాగారం బస్సు దిగి వచ్చినామెకు
దాదాపు ఇదే అంకె.
ఏం కాదులే అన్నాను.
ఆ ఫైలు ఇంకా నా సొరుగులోనే ఉంది.

మళ్లీ కొలిచాను. ఇంకా ఎక్కువొచ్చింది.
అప్పుడు చూశాను,
రెండు పక్కలా ఒక్కొక్క పక్కటెముకే నిండుగా కనబడాల్సిన చోట
ఎడమన ఒకటి, కుడిన మూడు తునకలు.
తెర వైపు మెడ తిప్పి సంపూర్ణే అంది:
"వంకర వట్టినవ్ గద మేడం.
పన్నెను గట్ల మూలకు గుంజి కొలిస్తే
మా సేటు పైసలు కోస్తడు."

నిజమే.
లోపలివాళ్లు కదలకపోతే కోత కుదరదు.
కిందికి పోయి ఏమన్నా తాగి రమ్మన్నాను.
బండి మీద చెరుకు రసం తాగి,
ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.
ఈసారి ఛాతీ గుండ్రంగా దొరికింది,
రెండు వైపులా రెండు తెల్లటి కొడవళ్లు.

సగం.
దాని మీద ఒక పోగు.

పోగు లెక్కలోకి రాదని పుస్తకం అంటుంది.
రెండు వారాలకు మళ్లీ రావాలని రాశాను,
రక్తపరీక్ష రాశాను,
రాసినదాని కింద గీత గీశాను.

"ఇంతకు ఎంతుంటది బిడ్డా అది?"
బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాను.
అయిలవ్వ సంచి తడిమి
సున్నం కాయ తీసి అరచేతిలో పెట్టుకుంది.
"గింతనా?"
అంతకన్నా కొంచెం చిన్నది.

చాలాసేపు దాన్నే చూసింది.
మూత గట్టిగా బిగించి
ఆకు వేసుకోకుండానే
సంచి మూతి ముడిచింది.