మూడో గడి

జూన్ నెల.
దామలచెరువు రోడ్డు పొడుగునా తోతాపురి కాయల ట్రాక్టర్లు
రెండు దినాలుగా నిలబడుండాయి.
రేటు ఆరనీ, కాదు నాలుగేననీ
ట్రాలీల కింద పండుకోని డ్రైవర్లు గొణుగుతా ఉండారు.
లోపల గుజ్జు తీసే మిషనుకి గొంతు పూడిపోయింది.

దాన్ని బాగుచేసేదానికి స్పెయిన్ నుంచి ఒకామె దిగింది,
చొక్కా ఈపుకి అంటుకోని, చేతిలో ఇనప పెట్టె.
నేను గేట్లో పుస్తకం రాసేదాన్ని.
మొదటి గడి పేరు, రెండోది ఊరు, మూడోది ఇంటిపేరు.
మూడో గడి మా పక్క ఎవురూ నింపరు.
అరవం గాలి తగిలిన జిల్లా మాది,
నాయన పేర్లో ఒక అక్షరం తుంచి
ముందర తగిలించుకుంటే సాలు.
కుప్పుసామి కూతుర్ని, కె. మొగిలమ్మ.
దొరసామి పెండ్లాన్ని, డి. మొగిలమ్మ.
రేషన్ కార్డులో కొట్టేసిన గీత
ఇంకా కనిపిస్తానే ఉండాది.

ఆమె రాయబట్టింది. గడి సాల్లేదు.
ఇనెస్ ఫుయెంతెస్ మోలీనా.
పక్క గడిలోకి పొయ్యింది, దాని పక్క గడిలోకీ పొయ్యింది,
వాహనం నంబరు రాసే చోటు మింద పడి ఆగింది.
"రెండెందుకంట?" అన్నా.
ఫోర్‌మన్ మునిరత్నం వచ్చీరాని ఇంగ్లీషులో అడిగి చెప్పినాడు:
ముందరిది నాయనది, ఎనకది అమ్మది.
పెండ్లయినా రెండూ పోవంట.

మధ్యాన్నం కరెంటు పొయ్యింది.
ఉప్పూకారం అద్దిన కాయ చెక్క కొరికి, కండ్లు మూసుకోని, తెరిచి,
ఇంకో చెక్క అడిగింది.
ఫుయెంతెస్ అంటే ఊటలంట.
ఆ పేరు పెట్టుకున్న ఊళ్ళుండాయంట వాళ్ళ దేశంలో,
సముద్రం దాటి ఇంకో ఖండంలో మనుషులుండారంట,
పుస్తకాలు రాసినోళ్ళు, బంతి తన్నేటోళ్ళు.
"మా ఇంట్లో మాత్రం" అని నవ్వింది,
"చర్చి గంటకి తాడు మార్చే తాత. ఆయనే గొప్ప."
వాళ్ళ ఊరి ఊట ఎండి ముప్పై ఏండ్లాయె.
బోర్డు మింద పేరుకి మాత్రం
ప్రతి ఏడూ రంగేస్తారంట.

"మరి మీ అమ్మోళ్ళదేంది?" అన్నాడు మునిరత్నం, ఊరికే.
నా నోట్లో మామిడి టెంక అడ్డం పడినట్టాయె.

రాత్రి అమ్మకి ఫోన్ చేసినా.
"ఇప్పుడెందుకే అది? ఎవురు సచ్చినారు?" అనింది.
రొంతసేపు ఫ్యాను శబ్దమే వినిపించింది.
"చెలమల."
యాభై ఏండ్లు ఎవురూ పిలవని పేరు
ఆమె నోట్లో ఆమెకే కొత్తగా ఉన్నట్టుంది, ఇంకోసారి అనింది.
చెలమల చెంగమ్మ.

ఎండాకాలం నీవా ఏట్లో ఇసక గీకి గీకి
మోచెయ్యి లోతున చెంబు నీళ్ళకి కాచుకునే గుంట, అది చెలమ.
మొదట బురదొస్తాది, తోడి పారబోయాల.
మళ్ళా తోడాల.
అప్పుడు ఊరేటివే తాగేది.

"మీ వాళ్ళలో గొప్పోళ్ళు ఎవురుమా?"
"మీ జేజి. తన బిందె పక్కన పెట్టి
అందర్నీ ముందర తోడుకోనిచ్చేది.
ఊరంతా పిచ్చిదనేది. మేం కూడా అన్నాం."

మూడో దినం మిషను దగ్గింది, కక్కింది,
పసుప్పచ్చగా పారబట్టింది.
ట్రాక్టర్లు ఒక్కొక్కటే కదిలినాయి. రేటు మాత్రం నాలుగే.
ఇనెస్ పోతా సంతకం పెట్టింది, మళ్ళా గడి దాటి.
నా పెన్ను కూడా తీసుకోని పొయ్యింది.

మర్నాడు డ్యూటీ ఎక్కేటప్పుడు
పెన్సిలుతో రాసినా,
మొగిలమ్మ, చిత్తూరు, కె. చెలమల.
మేనేజరు పుస్తకం తిరగేసి
"చెలమల ఎవురు, కొత్తగా చేరినారా?" అన్నాడు.
ఏందో చెప్పాలని నోరు తెరిచినా.
"టైము రాయలేదే" అన్నాడు.
రాసినా.
ఆరూ పది.